ఆఫీసు కంప్యూటర్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు ఏం చూస్తున్నారు? గుంటూరు, విజయవాడ వ్యాపారులు చెప్పండి

మిర్చియార్డ్_గుంటూరు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది గుంటూరు యార్డులో మిర్చి కమిషన్ వ్యాపారం. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), రైతుల ఖాతాలు, ఈ-వే బిల్లులు, జీఎస్టీ, బ్యాంకు పని అంతా వాటి మీదే. సీజన్‌లో ఒక్క పూట సిస్టమ్ ఆగిందంటే లారీ కదలదు, సరుకు అమ్ముకున్న రైతు డబ్బు కోసం మా గుమ్మంలో కూర్చోవాలి.

కొత్తగా చేరిన అకౌంట్స్ అబ్బాయి పనిమంతుడే. కానీ ఏ అవసరం వచ్చినా గూగుల్‌లో కొట్టి మొదట కనిపించింది డౌన్‌లోడ్ చేసేస్తున్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్‌ని ఎక్సెల్‌లోకి మార్చడానికి ఒకటి, పీడీఎఫ్ దిద్దడానికి ఒకటి, సిస్టమ్ స్లో అయిందని క్లీనర్ ఒకటి. అడిగితే "ఫ్రీయే సార్, అందరూ వాడేదే" అంటాడు. నిన్న అయితే అకౌంటింగ్ ప్యాకేజీకి రెండో లైసెన్స్ ఎందుకు, టెలిగ్రామ్‌లో క్రాక్ (లైసెన్స్ లేకుండా నడిచే దొంగ కాపీ) ఉంది కదా అన్నాడు. అక్కడ మాత్రం గట్టిగా వద్దన్నాను.

ఇంతకీ నాకు తెలియాల్సింది ఇది. ఫ్రీ అంటేనే భయపడాలా? అన్నిటికీ డబ్బు పెట్టి కొనాలంటే మాలాంటి వాళ్లకు కుదరదు. ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో ఎలా తేల్చుకోవాలి?

గవర్నర్‌పేట_సర్వీస్ | సోమవారం, రాత్రి 9:30

అన్నా, ముందు ఆ పీడీఎఫ్ ఎడిటర్ పేరేంటో, ఏ సైట్ నుంచి దించాడో చూసి చెప్పండి. గూగుల్‌లో పైన "స్పాన్సర్డ్" అని వచ్చేవి వెతుకులాటలో తేలిన ఫలితాలు కావు, డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలు. దొంగ సైట్ల వాళ్లు కూడా డబ్బు కట్టి అక్కడ కూర్చుంటారు. వీఎల్‌సీ, 7-జిప్, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటి మంచి సాఫ్ట్‌వేర్ల పేర్లతోనే ఇలాంటి నకిలీ ప్రకటనలు ఎన్నో బయటపడ్డాయి. పేజీ అచ్చం అసలుదానిలాగే ఉంటుంది, అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా.

ఆటోనగర్_స్పేర్స్ | సోమవారం, రాత్రి 9:41

మాకు యాంటీవైరస్ ఉంది, ఏటా రెన్యువల్ చేయిస్తున్నాం. అది పట్టుకోదా? ఇవన్నీ చూస్తూ కూర్చుంటే కౌంటర్ దగ్గర కస్టమర్ని ఎవరు చూస్తారు?

సిస్టమ్స్_బందర్‌రోడ్ | సోమవారం, రాత్రి 10:20

ఆటోనగర్ గారూ, మీ ఇబ్బంది అర్థమైంది. అయినా యాంటీవైరస్ ఒక్కటే చాలదని చెప్పడానికి ఈ మధ్య జరిగిందే ఒకటి ఉంది. మిర్చియార్డ్ గారి ఆఫీసులో జరుగుతున్నదానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2025లో యాప్‌సూట్ పీడీఎఫ్ ఎడిటర్ అని ఒకటి వచ్చింది. ఉచితం. జూన్ చివర్లో గూగుల్ ప్రకటనలతో జనంలోకి వదిలారు. దించుకున్నవాళ్లకు నిజంగానే పీడీఎఫ్ తెరుచుకునేది, పని జరిగేది. ఫైలు మీద డిజిటల్ సంతకం (ఏ కంపెనీ చేసిందో చూపే ముద్ర) కూడా ఉండేది. అలా దాదాపు రెండు నెలలు మామూలుగా నడిచి, ఆగస్టు 21న బయటి నుంచి ఆదేశం రాగానే అసలు పని మొదలుపెట్టింది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు ఎత్తుకెళ్లింది. దించుకున్న రోజు యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే ఏం దొరుకుతుంది? ఆ రోజుకు అది ఏ తప్పూ చేయలేదు.

కుకీ పోతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. మీరు పాస్‌వర్డ్ కొట్టి, ఓటీపీ కూడా ఇచ్చి జీమెయిల్‌లోకి వెళ్లాక, "ఈ మనిషిని ఇప్పటికే సరిచూశాం" అని బ్రౌజర్‌లో ఒక గుర్తు మిగులుతుంది. ఆ గుర్తును కాపీ చేసుకున్నవాడు తన కంప్యూటర్‌లో పెట్టుకుంటే ఓటీపీ అడగకుండానే మీ మెయిల్ తెరుచుకోవచ్చు. బ్యాంకు సైట్లు కొద్ది నిమిషాలకే బయటికి పంపేస్తాయి గానీ మెయిల్ నెలల తరబడి తెరిచే ఉంటుంది. మెయిల్ చేతికి చిక్కితే "ఫర్గాట్ పాస్‌వర్డ్" నొక్కి మిగతావన్నీ ఒక్కొక్కటిగా మార్చేసుకోవచ్చు.

2025 మార్చిలోనే అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు, ఫైళ్లు మార్చిపెట్టే ఉచిత ఆన్‌లైన్ కన్వర్టర్ల పేరుతో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తున్నారని హెచ్చరించింది. మన ఆఫీసుల్లో రోజూ పడే అవసరం అదే: పీడీఎఫ్ నుంచి వర్డ్, పీడీఎఫ్ నుంచి ఎక్సెల్. పైగా ఆ ఆన్‌లైన్ కన్వర్టర్‌లో మీరు పెట్టేది మీ బ్యాంకు స్టేట్‌మెంట్, రైతు ఆధార్, పాన్ కార్డు. మాల్‌వేర్ లేకపోయినా ఆ కాగితాలు ఎవరి సర్వర్‌లో ఉండిపోయాయో ఎవరు చెప్పగలరు? ఈ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ రైతు తన కాగితం మీ చేతికిచ్చాడు, ముక్కూమొహం తెలియని సైట్‌కి ఇవ్వలేదు.

తెనాలి_లినక్స్ | సోమవారం, రాత్రి 10:52

ఉచితం అనగానే దొంగ సరుకు అనే మాట ఈ చర్చలో స్థిరపడకూడదు. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, 7-జిప్ ఇవన్నీ ఉచితమే. సోర్స్ కోడ్ (సాఫ్ట్‌వేర్ రాసిన అసలు పాఠం) బయటే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. వెనుక ఎవరున్నారో, ఏ రోజు ఏం మార్చారో అంతా రికార్డులో ఉంటుంది. ప్రకటన పేజీలో పుట్టి, తయారు చేసినవాడి ఊరూ పేరూ లేని ఫ్రీ ఎడిటర్‌నీ లిబ్రేఆఫీస్‌నీ ఒకే గాట కట్టడం అన్యాయం. మిర్చియార్డ్ గారూ, పీడీఎఫ్‌లో చిన్న దిద్దుబాట్లు లిబ్రేఆఫీస్ డ్రాలోనే చేసుకోవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్ అయితే నెట్ బ్యాంకింగ్‌లోనే ఎక్సెల్ ఇస్తుందేమో ముందు చూడండి. చాలా బ్యాంకులు ఇస్తాయి. అప్పుడు కన్వర్టర్ పనే ఉండదు.

సిస్టమ్స్_బందర్‌రోడ్ | సోమవారం, రాత్రి 11:05

తెనాలి గారితో ఏకీభవిస్తాను, నేనూ అవే వాడతాను. కానీ ఓపెన్ సోర్స్ అని కళ్లు మూసుకుని నమ్మేయడమూ కుదరదు. లినక్స్‌లో ఫైళ్లు కుదించడానికి వాడే ఎక్స్‌జెడ్ యుటిల్స్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎవరో ఒకరు జియా టాన్ అనే పేరుతో ఏళ్ల తరబడి ఓపిగ్గా సాయం చేస్తూ, నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టేశాడు.

తెనాలి_లినక్స్ | సోమవారం, రాత్రి 11:14

తెలుసు. 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఇంజనీర్. తన సిస్టమ్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి తవ్వాడు. కోడ్ తెరిచి ఉంది కాబట్టే తవ్వగలిగాడు. లోపల ఏముందో చూడనివ్వని ప్యాకేజీ అయితే ఆ అనుమానం అనుమానంగానే ఉండిపోయేది.

సిస్టమ్స్_బందర్‌రోడ్ | సోమవారం, రాత్రి 11:21

ఒప్పుకుంటున్నాను. ఒక్క మనిషి పట్టించుకోవడం వల్ల ప్రపంచం ఆ ప్రమాదం నుంచి బయటపడింది. అందుకే నేను చూసేది ఫ్రీయా పెయిడా అని కాదు. ఎవరు చేశారు, ఎక్కడి నుంచి వచ్చింది, మన సిస్టమ్‌లో దానికి ఎంత అధికారం ఇస్తున్నాం, రేపు అది చెడిపోతే మన దగ్గర ఏం మిగులుతుంది. ఈ నాలుగూ తేలాలి.

మిర్చియార్డ్ గారు క్లీనర్ అన్నారు కాబట్టి ఒక మాట. 2017 ఆగస్టు 15న సీక్లీనర్ 5.33 విడుదలైంది. అసలు సైట్, అసలు కంపెనీ సంతకం. అయినా తయారీ దగ్గరే ఎవరో చొరబడి అందులో మాల్‌వేర్ కలిపారు. దాదాపు 22.7 లక్షల మంది ఎక్కించుకున్నారు. సెప్టెంబర్ 18న గానీ సంగతి లోకానికి తెలియలేదు. విండోస్‌లో డిస్క్ క్లీనప్ ఉండనే ఉంది. ఆఫీసు సిస్టమ్‌కి వేరే క్లీనర్ అక్కర్లేదు. అవసరం లేనిది ఎక్కించకపోవడమే పెద్ద రక్షణ.

బ్రాడీపేట_ఆడిటర్ | మంగళవారం, ఉదయం 8:35

నిన్నటి నుంచి చదువుతున్నాను, చాలా అవసరమైన చర్చ. డబ్బు పెట్టి కొన్నదీ దెబ్బ తీయగలదని మా రంగంలోనే ఉదాహరణ ఉంది. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో చాలా కంపెనీలు పన్ను లెక్కలకు వాడే ఎం.ఈ.డాక్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దారిలోనే నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ వచ్చిపడింది. అక్కడి నుంచి మేర్స్క్ షిప్పింగ్ కంపెనీ దాకా పాకింది. వాళ్లు 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది.

ఇక మన ఆఫీసుల్లో నేను కళ్లారా చూసేది. క్లయింట్ దగ్గరికి వెళ్తే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్ పొద్దున గుచ్చింది సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. పిన్ నంబర్ మానిటర్ అంచున చీటీ మీద అంటించి ఉంటుంది. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, బ్యాంకు పాస్‌వర్డ్‌లన్నీ క్రోమ్‌లో సేవ్. అదే సిస్టమ్‌లో మూడు ఫ్రీ టూల్‌బార్లు. దయచేసి టోకెన్ సంతకం పని అయిన వెంటనే తీసి బీరువాలో పెట్టండి. ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ పోర్టళ్లలో 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్నాపెద్దా అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి అయింది. అది మంచిదే, కానీ బందర్‌రోడ్ గారు చెప్పినట్టు కంప్యూటరే వాడి చేతిలో ఉంటే ఓటీపీ ఒక్కటీ కాపాడలేదు.

జీఎస్టీ ఆఫ్‌లైన్ టూల్, సంతకానికి వాడే ఈఎమ్‌సైనర్ ఉచితమే. అవి జీఎస్టీ పోర్టల్ లోపలి నుంచే దించుకోండి. "ఈఎమ్‌సైనర్ డౌన్‌లోడ్" అని గూగుల్‌లో కొట్టి ఎవరి బ్లాగు నుంచో తెచ్చుకోకండి.

డీటీపీ_ఏలూరురోడ్ | మంగళవారం, ఉదయం 10:10

మా ప్రెస్సుల సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. పెళ్లి శుభలేఖలు, పాంప్లెట్లు, ఎలక్షన్ పోస్టర్లు చేసే చోట్ల ఇప్పటికీ పాత పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్), దాని మీద క్రాక్ చేసిన తెలుగు ఫాంట్ల ప్యాకేజీ. పది చేతులు మారిన పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. ఎక్కించేటప్పుడు యాంటీవైరస్ అరుస్తుంది. "అది అలాగే అంటుంది, ఆఫ్ చెయ్యి" అని సీనియర్లు చెప్తారు. ఆ తర్వాత మళ్లీ ఆన్ చేసేవాడు ఉండడు.

మేము మెల్లగా మారుతున్నాం. మండలి, రామభద్ర, గురజాడ, సురవరం లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా, లైసెన్స్‌తో సహా దొరుకుతున్నాయి. పేజ్‌మేకర్ లాంటి పనికే ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో తెలుగు వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటున్నాయి. పాత ఫైళ్లు మార్చుకోవడమే పెద్ద పని, దానికి ఓపిక కావాలి.

గవర్నర్‌పేట_సర్వీస్ | మంగళవారం, ఉదయం 11:25

డీటీపీ గారు చెప్పిన ఆ "ఆఫ్ చెయ్యి" దగ్గరే అసలు ప్రమాదం. మా బెంచి మీదకు వచ్చిన ఒక సిస్టమ్ గురించి చెప్తాను. హోల్‌సేల్ బట్టల షాపుది, పేరు అక్కర్లేదు.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక జిప్ ఫైలు. పాస్‌వర్డ్ 1234 అని ఫైలు పేరులోనే రాసి ఉంది. ఆ పాస్‌వర్డ్ మనకోసం పెట్టింది కాదు, యాంటీవైరస్ లోపల చూడకుండా పెట్టింది. లోపల చిన్న టెక్స్ట్ ఫైలు: ముందు యాంటీవైరస్ ఆపండి, ఆ తర్వాత సెటప్ నడపండి అని. వాళ్ల గుమాస్తా రాసినట్టే చేశాడు. కాసేపటికి విండోస్ అప్‌డేట్ లాంటి కిటికీ వచ్చింది, శాతం పెరుగుతూ పోయింది. అది అప్‌డేట్ కాదు. ఆ కిటికీ వెనకాల ఫైళ్లన్నిటికీ తాళం పడుతోంది. అయ్యేసరికి ప్రతి ఇన్‌వాయిస్ పేరు చివర కొత్తగా నాలుగు అక్షరాలు. ప్రతి ఫోల్డర్‌లో "రీడ్‌మీ" అనే చీటీ: 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లో సంప్రదిస్తే 490 అని. బ్యాకప్ కోసం కొన్న హార్డ్ డిస్క్ కూడా అదే సిస్టమ్‌కి ఎప్పుడూ తగిలించే ఉంది. అదీ పోయింది.

ఇది స్టాప్ డీజేవీయూ అనే రకం. క్రాకులు, కీజెన్లతోనే (దొంగ లైసెన్స్ నంబర్లు తయారుచేసేవి) ఎక్కువగా వస్తుంది. విండోస్ దాచుకునే పాత నకళ్లను, అంటే షాడో కాపీలనూ చెరిపేస్తుంది. ప్రతి ఫైలులో మొదటి 150 కేబీ దాకా మాత్రమే తాళం వేస్తుంది కాబట్టి పెద్ద వీడియోలు కొంతవరకు వెనక్కి తేవచ్చు. కానీ చిన్న బిల్లు మొత్తం 150 కేబీ కూడా ఉండదు కదా. ఎమ్‌సిసాఫ్ట్ వాళ్ల ఉచిత డీక్రిప్టర్ (తాళం తీసే సాఫ్ట్‌వేర్) పాత రకాలకూ, ఆఫ్‌లైన్ కీ (నెట్ అందనప్పుడు వాడే ఉమ్మడి తాళంచెవి) వాడిన వాటికీ పనిచేస్తుంది. మిగతావాటికి లేదు. వీళ్లది మిగతా రకం. షాపాయన పుస్తకాల్లో రాసుకున్న బాకీలు తప్ప ఏమీ దక్కలేదు. డబ్బు కట్టొద్దని చెప్పాం, కట్టలేదు. కడితే తాళంచెవి ఇస్తాడనే నమ్మకం ఏముంది?

మిర్చియార్డ్ అన్నా, మీ యార్డులో పైన కనిపించే కాయ చూసి లాట్ కొనరు. టిక్కీలో (మిర్చి బస్తాలో) చెయ్యి లోపలికంటా పెట్టి, అడుగు నుంచి కాయ తీసి, విరిచి చూస్తారు. ఆ జాగ్రత్త మీకు కొత్త కాదు, కంప్యూటర్ దగ్గరా అదే పెట్టండి.

ల్యాబ్_కొత్తపేట | మంగళవారం, మధ్యాహ్నం 1:40

మా ల్యాబ్‌లో ఎనలైజర్‌కి (పరీక్షలు చేసే మెషీన్‌కి) తగిలించిన సిస్టమ్ విండోస్ 7. మెషీన్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు. మార్చలేం. ఏం చేయాలి?

సిస్టమ్స్_బందర్‌రోడ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోయింది. ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్ పూర్తిగా తీసేయండి, ఎనలైజర్ పని తప్ప ఇంకేదీ చేయకండి. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసే వానాక్రై అంతలా పాకింది ప్యాచ్ (లోపం సరిదిద్దే అప్‌డేట్) వేయని ఇలాంటి సిస్టమ్స్ మీదుగానే. మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్ ఆ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. విండోస్ 10 వాడేవాళ్లూ గమనించండి, దాని మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

మిర్చియార్డ్_గుంటూరు | మంగళవారం, సాయంత్రం 6:50

ఇప్పుడే దగ్గర కూర్చుని చూశాం. ఆ పీడీఎఫ్ ఎడిటర్ మీరు చెప్పిన పేరు కాదు గానీ, ప్రకటన నుంచే దించాడు. ప్రాపర్టీస్‌లో చూస్తే డిజిటల్ సంతకం ట్యాబే లేదు. క్రోమ్‌లో మేము పెట్టని ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంది. అబ్బాయి వాడే అకౌంట్ అడ్మిన్ అకౌంటే. బ్యాంకు పని కూడా ఆ సిస్టమ్ మీదే చేస్తున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా?

సిస్టమ్స్_బందర్‌రోడ్ | మంగళవారం, రాత్రి 7:08

సరిపోదు. నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఆపండి. వేరే శుభ్రమైన సిస్టమ్ నుంచో ఫోన్ నుంచో ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" నొక్కండి. పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే చేస్తే ఆ కుకీ ఇంకా బతికి ఉండొచ్చు. తర్వాత బ్యాంకు, జీఎస్టీ, ఈ-వే బిల్లు. అనుమానం ఉన్న సిస్టమ్ మీద కొత్త పాస్‌వర్డ్ ఒక్కటి కూడా కొట్టకండి.

ఆ సిస్టమ్‌ని పూర్తిగా చెరిపి విండోస్ మళ్లీ వేయించండి. డేటా, ఎక్సెల్ ఫైళ్లు మాత్రం తీసుకోండి, సెటప్ ఫైలు ఒక్కటీ వెంట తీసుకురావద్దు. ఈసారి అబ్బాయికి స్టాండర్డ్ అకౌంట్ ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండనివ్వండి. అయినా కొన్ని సాఫ్ట్‌వేర్లు అడ్మిన్ అడక్కుండానే యూజర్ ఫోల్డర్‌లో ఎక్కేస్తాయి. అందుకు అనుమతించిన ప్రోగ్రాములే నడిచేలా కట్టడి పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన యాప్‌సంవిద్ ఆ పనికే, సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచితంగా ఇస్తున్నారు.

దించిన ఫైలు అసలుదేనా అని చూడాలంటే, తయారీదారు సైట్‌లో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యతో (ఫైలుకు వేలిముద్ర లాంటిది) పోల్చండి. 64 అక్షరాలు ఉంటుంది, విండోస్‌లో సెర్ట్‌యుటిల్ కమాండ్ చూపిస్తుంది. అయితే 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ సైట్‌నే హ్యాక్ చేసి దొంగ ఫైలుకు లింకు పెట్టారు. అలా సైటే వాడి చేతిలో ఉంటే పక్కన రాసిన సంఖ్యను కూడా మార్చగలడు. అందుకే సంతకమూ చూడాలి, చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లోనూ వేసి చూడాలి. అక్కడ సెటప్ ఫైళ్లే వేయండి. మీ ఖాతాల ఫైళ్లు వేస్తే బయటివాళ్లూ చూడగలరు.

బ్రాడీపేట_ఆడిటర్ | మంగళవారం, రాత్రి 8:15

మిర్చియార్డ్ గారూ, రేపు బ్యాంకు తెరవగానే ఫోన్ చేసి చెప్పండి. ఖాతాలో రూపాయి కదిలినట్టు కనిపిస్తే బ్యాంకు కోసం ఆగొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు అంత దూరం పోకుండా ఆపగలుగుతారు. సిస్టమ్ హ్యాక్ అయిందని తేలితే సంస్థలు 6 గంటల్లోపు ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్ 28 ఆదేశాలు ఉన్నాయి.

క్రాక్ ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకొకటి. కాపీరైట్ చట్టం 63బి ప్రకారం, తెలిసి దొంగ కాపీ వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఆ బాధ్యత గుమాస్తా మీదకు తోసేద్దామంటే కుదరదు. "పర్సనల్ వాడకానికి ఉచితం" అని రాసి ఉన్న రిమోట్ సాఫ్ట్‌వేర్లను (దూరం నుంచి కంప్యూటర్ నడిపేవి) షాపులో వాడటం కూడా లైసెన్స్ ఉల్లంఘనే. అది చాలామంది చూసుకోరు.

ఆటోనగర్_స్పేర్స్ | మంగళవారం, రాత్రి 9:02

ఇవన్నీ చదివాక మా సిస్టమ్స్‌లో బ్యాకప్ చూశాను. మాదీ ఎప్పుడూ తగిలించి ఉన్న హార్డ్ డిస్కే. రేపటి నుంచి రెండు పెడతాను, ఒకటి రాత్రి ఇంటికి తీసుకెళ్తాను. ఒక అనుమానం. సర్వీస్ కుర్రాడు వచ్చినప్పుడల్లా తన పెన్‌డ్రైవ్ నుంచే అన్నీ ఎక్కించి పోతాడు. అది నమ్మొచ్చా?

గవర్నర్‌పేట_సర్వీస్ | మంగళవారం, రాత్రి 9:20

నమ్మకండి, నేను వచ్చినా నమ్మకండి. ఆ పెన్‌డ్రైవ్ రోజంతా ఎన్ని షాపులు తిరిగిందో. మీ ఎదురుగానే అసలు సైట్ నుంచి దించమనండి, ఏమేం ఎక్కించాడో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పంపించేయండి. మా షాపులో ఈ పద్ధతి మొదలుపెట్టాం, పని కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

మిర్చియార్డ్_గుంటూరు | మంగళవారం, రాత్రి 9:48

మెయిల్, బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు మార్చేశాం, అన్నిచోట్లా సైన్ అవుట్ చేశాం. ఇప్పటికైతే ఖాతాలో తేడా లేదు. అబ్బాయి బాగా భయపడ్డాడు, తిట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని ఈ చర్చ మొత్తం చదివించాను. మిగతా మూడు సిస్టమ్స్‌లో ఏమేం ఉన్నాయో తనే జాబితా రాస్తున్నాడు. గవర్నర్‌పేట తమ్ముడూ, ఆదివారం యార్డు సెలవు, ఆ రోజు గుంటూరు రాగలవా? విండోస్ నీ పెన్‌డ్రైవ్‌తో కాదు, ఇక్కడే దించుకుని వేద్దాం.

గవర్నర్‌పేట_సర్వీస్ | మంగళవారం, రాత్రి 9:55

వస్తాను అన్నా. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి, 16 జీబీది, కొత్తది కొని ఉంచండి. విండోస్ లైసెన్స్ స్టిక్కర్, అకౌంటింగ్ ప్యాకేజీ సీరియల్ నంబర్ శనివారమే వెతికి పెట్టుకోండి, అవి దొరక్కపోతేనే రోజంతా పడుతుంది.